శుభ్రతా పతకం నల్లజేసిన చేయి

అద్దకాలపేట, పెడన దాపు,
బందరు తాలూకా, కృష్ణా జిల్లా.
ఫిబ్రవరి, 1959.

పాఠశాలల ఇన్‌స్పెక్టరు శ్రీ సుందరరాజు గారి సముఖమునకు, అద్దకాలపేటలో పఠనమందిరం నడుపుకొనుచున్న బళ్ల వెంకటపతి వ్రాసుకొను అర్జీ.

విషయం: మా ఊరి ఎలిమెంటరీ పాఠశాల అయిదవ తరగతి విద్యార్థిని కనకదుర్గకు తమరి సమక్షమున జరిగిన అన్యాయము, దానిని తమరే స్వయముగా వచ్చి సరిదిద్దవలసి యుండుట, మరియు బెత్తము తీసివేసిన చోట పతకమును బెత్తముగా వాడుచుండుట గురించి.

సూచిక: ఇదే విషయమై గత నెల నేను పంపుకొన్న అర్జీ, దానికి తమరు దయచేసిన అభినందన.

అయ్యా,

పై సూచికలో జవాబు అని వ్రాయవలసిన చోట అభినందన అని వ్రాసినది పొరపాటున కాదు. తమరి కచేరీ నుంచి వచ్చిన కాగితంలో ఉన్నది అదొక్కటే. "బాలబాలికల విషయమున తాము చూపుచున్న శ్రద్ధ మిక్కిలి శ్లాఘనీయము. తమవంటి అభ్యుదయ భావములు గల పౌరులు విద్యాశాఖకు అండ" అని ఉంది. నేను అడిగింది ఒక్క ముక్క. పున్నయ్య కూతురు కనకదుర్గ తమరి ఎదుట చెప్పింది నిజమో అబద్ధమో విచారించండి అని. శ్రద్ధ అన్నారు, శ్లాఘనీయమన్నారు, అండ అన్నారు. విచారణ అన్న మాట ఆ కాగితంలో లేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను.

కనుక ఈ రెండో అర్జీ. అంశాలకు వరుస సంఖ్యలు వేశాను. ఏ అంశానికీ మెప్పు అక్కరలేదు. అవును, కాదు అంటే చాలు.

1. మా బడిలో రెండేళ్ల కిందటి వరకు బెత్తం ఉండేది. దాన్ని తీసేయమని పైవాళ్లకు అర్జీల మీద అర్జీలు పెట్టినవాళ్లం ఇద్దరం. నేనొకణ్ణి, ఇప్పటి హెడ్మాస్టరు శోభనాద్రి రెండోవాడు. అప్పుడతను అసిస్టెంటు. ఇద్దరం ఒకే వీధిలో పెరిగాం, ఒకరినొకరం బావా అని పిలుచుకుంటాం. మాది మగ్గం ఇల్లు, వాళ్లది అద్దకం ఇల్లు. ట్రైనింగు స్కూల్లో చేరేదాకా శోభనాద్రి చేతులు మోచేతుల దాకా నల్లగానే ఉండేవని సముఖమునకు ఇక్కడే మనవి చేసుకుంటున్నాను. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది.

పిల్లవాణ్ణి కొట్టి చదివించేవాడి కంటే గేదెల్ని తోలేవాడు నయం, వాడు గేదె మీద అంత కసి పెట్టుకోడు అని అతను ఉపాధ్యాయుల సభలో లేచి అంటే, ముందు వరసలో కూర్చుని పొంగిపోయాను. పాత హెడ్మాస్టరు గారు రిటైరై, శోభనాద్రి ఆ కుర్చీలో కూర్చున్న నాడే బడిలో ఉన్న బెత్తాలన్నీ పోగుచేసి తెచ్చి మా పఠనమందిరం పెరట్లో పొయ్యిలో పెట్టాడు. వాటి మీద టీ కాచుకుని తాగాం. నూనె పట్టించిన బెత్తాలు కదా, పొగ బాగా వచ్చింది. కళ్లు తుడుచుకుంటూ ఇద్దరం నవ్వాం. ఆ టీ రుచి నా నాలుక మీద ఇంకా ఉంది. అందుకే ఈ అర్జీ ఇంత చేదుగా వస్తోంది.

2. ఆ తరువాతి వేసవిలో గుడివాడలో ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు జరిగినవి. తమరే ఉపన్యసించారట. దండన మాని మెప్పు చూపవలెననీ, మంచి నడత కనబడిన వెంటనే బహుమానం చేతిలో పెట్టవలెననీ, బిడ్డ ఆ బహుమానం కోసం ఆ నడతనే మళ్లీ మళ్లీ చూపునదనీ సెలవిచ్చారట. శోభనాద్రి గుడివాడ నుంచి కొత్త పెళ్లికొడుకులా దిగాడు. బస్సు దిగి ఇంటికి కూడా వెళ్లకుండా నా దగ్గరకొచ్చి ఆ ఉపన్యాసమంతా అప్పజెప్పాడు.

మెచ్చుకోవడం తప్పని నేననలేదు, ఇప్పుడూ అనను. లెక్క చేసిన పిల్లతో, ఈ మెట్టు నీ అంతట నువ్వే కనిపెట్టావే అని మాస్టారు అనకపోతే అదే తప్పు. ఆ మాట పిల్ల చేసిన పనిని చూసి వస్తుంది. పతకం సంగతి వేరు. పని మొదలుపెట్టక ముందే అది కళ్ల ముందు వేలాడుతుంది. పిల్ల పనిని చూడడం మానేసి దాన్ని చూస్తుంది, దాన్నిచ్చే చేతిని చూస్తుంది, ఆ చేతిగలాయన మొహం చూస్తుంది. కొన్నాళ్లకు మొహాలు చదవడం తప్ప ఇంకేదీ రాదు. ఇదంతా ఆనాడే అతనితో అన్నాను.

"బావా, నీకు బెత్తమూ వద్దు, పతకమూ వద్దు. నలభై మంది పిల్లల్ని నీ ఉపన్యాసంతో కూర్చోబెట్టమంటావా? నువ్వు మాట్లాడితే పఠనమందిరంలో పెద్దవాళ్లే లేచిపోతున్నారు" అన్నాడు.

నవ్వాను. నిజమే గనక. పైగా, ఒక్కడే మాస్టారు మూడు తరగతులు చూసుకోవాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి కదా అన్న మాట కొట్టిపారేసేది కాదు. చూద్దాం అన్నాను.

3. చూశాము. తమరూ చూడవలెను.

కమ్మరి చేత పాత ఇనప రేకును గుండ్రంగా కత్తిరించి పతకం చేయించాడు. ముందువైపు తెల్లరంగు వేసి నీలపు అక్షరాలతో శుభ్రతా పతకం అని రాయించాడు. వెనకవైపు రంగు వేయలేదు, డబ్బాలో రంగు చాల్లేదట. ఆ వెనకవైపును దయయుంచి తమరు గుర్తుపెట్టుకోవాలి.

శుక్రవారం పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లలందరూ వరసగా చేతులు చాచాలి. ఎవరి చేతులు అందరికన్నా శుభ్రంగా ఉంటే వారి మెళ్లో పతకం. మళ్లీ శుక్రవారం దాకా ముందు బల్ల వారిది. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టాలి. చప్పట్లు కొట్టే చేతులన్నీ అంతకు ముందు క్షణంలోనే పనికిరావనిపించుకున్న చేతులని ఎవరికీ తోచలేదు.

అయ్యా, మా పేటలో ఎవరి చేతులు శుభ్రంగా ఉంటాయి? పని లేని చేతులు. కిరాణా కొట్టు వారి అబ్బాయి బంగార్రాజు చేతులు శుభ్రంగా ఉంటాయి. వాడు మంచి పిల్లవాడే, వాడి మీద నాకేమీ లేదు. మగ్గం ఇళ్ల పిల్లలకు గంజి వాసనైనా పోతుంది. తెల్లవారకముందు తల్లితో చేపల బుట్ట మోసి వచ్చే పిల్లల చేతులు కంటికి బాగానే ఉన్నా ముక్కుకు దొరికిపోతాయి. ఇక అద్దకం ఇళ్ల పిల్లల చేతులు ఏ రాయితో తోమినా ఒక్కటే. వాళ్లు బల్లల మీద చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నారు. లెక్క తెలిసినా చెయ్యెత్తరు, ఎత్తితే కనపడుతుందని. కొందరు శుక్రవారం బడికి రావడమే మానేశారు.

బెత్తం ఉన్న రోజుల్లో దెబ్బ తిన్నవాడి చుట్టూ పిల్లలు చేరేవాళ్లు. అరచేయి ఊదేవాళ్లు, మాస్టారికి చాటుగా ఒక పేరు పెట్టి నవ్వించేవాళ్లు. పతకం రానివాడి చుట్టూ ఎవరూ చేరరు. వాడికి దెబ్బ తగిలిందని వాడికే తెలియదు. తనే అసహ్యంగా ఉన్నానని అనుకుంటాడు. ఇందులో మాస్టారు చెయ్యి కూడా నొప్పెట్టదు.

4. కనకదుర్గ తండ్రి పున్నయ్య అద్దకం పనివాడు. తల్లి లేదు, నాయనమ్మ వెంకటరత్నమ్మ పెంచింది. మా పఠనమందిరంలో పిల్లల పుస్తకాలన్నీ చదివేసి, పెద్దవాళ్ల బీరువా తాళం ఎప్పుడు తీస్తారండీ అని నన్నడిగిన పిల్ల. వచ్చే ఏడు బందరు హైస్కూల్లో ఫస్టు ఫారంలో వేద్దామని పున్నయ్య అనుకున్నాడు. అద్దకం ఇళ్లలో ఆడపిల్లకు ఆ ఆలోచన రావడం ఇదే మొదలు.

ఇక్కడ మా ఊరి పని గురించి రెండు ముక్కలు. గుడ్డను ముందు కరక్కాయ ముద్ద, గేదెపాలు కలిపిన తొట్టిలో నానవేసి ఆరబెడతారు. తరువాత అచ్చును కసింలో ముంచి గుడ్డ మీద అద్దుతారు. కసిం అంటే ఇనప తుక్కును బెల్లం నీళ్లలో ఊరబెట్టగా వచ్చే నీరు. కరక్కాయ ఒక్కటే అయితే చేతికి పెద్దగా రంగు కనబడదు, కొద్దిగా పసుపు జీర, అంతే. కసిం ఒక్కటే అయితే కడిగితే పోతుంది. కరక్కాయ పట్టిన చోట ఇనుము నీరు తగిలిందా, అప్పుడు పుడుతుంది నలుపు. అది గుడ్డ మీద తరాలపాటు ఉంటుంది, చేతి మీద వారాలపాటు ఉంటుంది. తమరి సతీమణి గారు మా పేట దుప్పటి ఎప్పుడైనా కొని ఉంటే, ఆ నల్లగీతలన్నీ అలా పుట్టినవే.

కనకదుర్గకు పతకం కావాలనిపించింది. పదేళ్ల పిల్ల, ఎందుకనిపించదు? తండ్రిని బతిమాలి కసిం దగ్గర పని మానింది. కరక్కాయ తొట్టి దగ్గర మాత్రం చేస్తానంది. పున్నయ్య అచ్చుల పని సగం తన నెత్తిన వేసుకుని సరేనన్నాడు. పాత నలుపును నిమ్మచెక్కతో, చింతపండుతో, ఇసకతో తోమింది. తోలు లేచిపోయేట్టు తోమింది. నాయనమ్మ చూడలేక, "నీ చేతులకేమన్నా పెళ్లి చూపులా ఏమిటే" అని ఎకసెక్కమాడిందట. కరక్కాయ తొట్టికి రంగుండదు గనక పిల్ల చేతులు శుభ్రంగా ఉంటాయని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. నిజంగానే ఉన్నాయి. పతకం దేంతో చేశారని మాత్రం వాళ్లలో ఎవరూ అడగలేదు. తెల్లగా మెరుస్తోంది, బడి వాళ్లు ఇస్తున్నారు, అది ఇనుమై ఉంటుందని ఎవరికి తోస్తుంది?

5. తమరు తనిఖీకి దయచేసిన శుక్రవారం సంగతి తమరికి తెలుసును. తమరు రాకముందు సంగతి తెలియదు.

ఆ పొద్దున కనకదుర్గ తొట్టిలో గుడ్డలు ముంచి పిండి, చేతులు కడుక్కుని బడికి వచ్చింది. వరసలో చేతులు చాచింది. మచ్చ లేదు. శోభనాద్రి సంతోషానికి మేర లేదు. అద్దకం పిల్లకు శుభ్రతా పతకం, అదీ ఇన్‌స్పెక్టరు గారు వచ్చే రోజున. పతకం ఆమె మెళ్లో వేశాడు. తాడు పాతది, ముడి దగ్గర పిగిలింది. ఎక్కడ పడిపోతుందోనని పిల్ల దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకుంది. తమరు పొద్దున్నే వస్తారని అన్నారు. దివిసీమలో తనిఖీ ముగించుకుని తమరి జీపు వచ్చేసరికి మధ్యాహ్నం గంట కొట్టి చాలాసేపయింది. అంతసేపూ పిల్లల్ని ఎండలో వరసలో నిలబెట్టారు. అంతసేపూ ఆ చెమట గుప్పిట్లో ఆ పతకం ఉంది. రంగు వేయని వెనకవైపు, బందరు ఉప్పుగాలికి తుప్పు పట్టిన వెనకవైపు, కరక్కాయ ఇంకిన అరచేతికి ఆని ఉంది.

శుభ్రతా పతకం ఎవరిది, ఆ చేతులు చూపించమ్మా అన్నారు తమరు. గుప్పిట తెరిచింది. అరచేయి నల్లగా ఉంది.

పిల్లలు నవ్వారు. తమరు నవ్వలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. ఇదేమిటని మెత్తగానే అడిగారు.

"పతకం వల్ల అయిందండీ" అంది.

పిల్లలు మరీ నవ్వారు. తమరు శోభనాద్రి వైపు చూశారు. శోభనాద్రి నేల చూశాడు. అప్పుడు తమరు వంగి, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి అన్న మాటను నేను వరండా స్తంభం దగ్గర నిలబడి స్వయంగా విన్నాను.

"కడుక్కోలేదని ఒప్పుకో. నిజం చెప్పినందుకు అందరి చేత చప్పట్లు కొట్టిస్తాను."

"కడుక్కునే వచ్చానండీ" అంది.

"ఆలోచించుకో. చప్పట్లు కొట్టిస్తాను."

"వద్దండీ. కడుక్కున్నాను."

అయ్యా, నా నలభై ఆరేళ్ల జీవితంలో బెత్తంతో అబద్ధం ఒప్పించడం చూశాను. పోలీసు స్టేషన్లో నాకే ఆ అనుభవం ఉంది. చప్పట్లతో అబద్ధం కొనబోవడం చూడడం అదే మొదలు. ఆ పిల్ల అమ్మలేదు.

తమరు పతకం తీసి బంగార్రాజుకిచ్చారు. వాడు దాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు. కొంచెంసేపుండి వాడి చెయ్యి తెరిపించి అందరికీ చూపించారు. తెల్లగా ఉంది. "చూశారా పిల్లలూ, పతకం చేతిని నల్లజేయదు" అన్నారు. చప్పట్లు మోగాయి. నేను ముందుకొచ్చి, అయ్యా, ఆ అబ్బాయి చేతికి కరక్కాయ లేదండీ అన్నాను. తమరు నా భుజం తట్టి, "మీ పఠనమందిరం గురించి చాలా విన్నాను వెంకటపతి గారూ, గొప్ప సేవ చేస్తున్నారు" అని జీపెక్కారు.

6. పై అంశములో బంగార్రాజు చేతితో తమరు చేసిన రుజువు చెల్లదు. కారణం నాలుగో అంశంలో వ్రాసి ఉన్నాను. మా పేటలో ముంత పట్టుకోవడం వచ్చిన ప్రతి బిడ్డకూ ఆ కారణం తెలుసు. మా ఆడవాళ్లు కరక్కాయ పని చేసిన చేత్తో ఇనప గరిటె ముట్టుకోరు.

7. ఈ అంశం వ్రాయక తప్పనిసరియై వ్రాస్తున్నాను.

మర్నాడు బడి వదిలాక శోభనాద్రి దగ్గరకు వెళ్లాను. ఒక్కడే బల్లలు సర్దుతున్నాడు. నీకు తెలుసు కదా అని అడిగాను. కరక్కాయ దంచి పెరిగిన చేతులు నీవి, మీ అమ్మ ఆ తొట్టి దగ్గరే పోయింది, నీకు తెలియదని నేను నమ్మను అన్నాను. చేతిలో ఉన్న బల్ల పక్కకు జరిపాడు.

"తెలుసు బావా. చెయ్యి చూడగానే తెలిసింది" అన్నాడు.

మరి నోరు ఎందుకు పడిపోయిందన్నాను. వచ్చే నెల బందరులో జరిగే విద్యావారోత్సవంలో ఉత్తమ ఉపాధ్యాయుడిగా శాలువ కప్పడానికి తన పేరు తమరు పైకి పంపారని అప్పుడు చెప్పాడు. మాట్లాడితే ఆ శాలువ పోతుందని ఎవరూ అనలేదు. ఎవరూ బెదిరించలేదు.

"ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్కడు నన్ను బాగుందన్నాడు బావా. ఆయన మొహం మాడిపోవడం నా కళ్లతో చూడలేకపోయాను" అన్నాడు.

బెత్తాల మీద టీ కాచిన మనిషి. పాత హెడ్మాస్టరు మీద అర్జీ పెట్టినందుకు జీతం కోసుకుంటే, కోసుకోండని నిలబడ్డ మనిషి. దెబ్బకు వంగని వాణ్ణి తమరు ఒక్క మెచ్చుకోలుతో వంచేశారు. ఆ పని తమరు కావాలని చేయలేదని కూడా నాకు తెలుసు. పద్ధతి అలాంటిది. పిల్లకు ఇనప రేకు, పంతులుకు శాలువ, నాకు శ్లాఘనీయము. ముగ్గురం మూడు వరసల్లో చేతులు చాచి నిలబడ్డాం. కోపంతో ఉన్నాను కనుక మాట దురుసుగా వస్తే క్షమించమని అడగను. అర్జీదారుడు మోసపోయినవాడు. మోసం చేసింది తన వాడు. తన వాడి చేత చేయించింది తాను పదేళ్లు కోరి తెచ్చుకున్న సంస్కరణ. దీనికి దురుసు కాని భాష నా దగ్గర లేదు.

పాత హెడ్మాస్టరు గారు సంతలో ఎదురై, "ఏమోయ్ వెంకటపతీ, మా బెత్తమే నయమంటున్నారే మీవాళ్లు" అని ఒక నవ్వు పారేసి పోయారు. ఆ నవ్వు చూసి ఈ అర్జీ ఆయన పక్షమని తమరు భావించరాదు. బెత్తం తిరిగి రావాలని నేను కోరడం లేదు. ఎవరైనా తెస్తే మళ్లీ పొయ్యిలో పెడతాను, టీ ఒక్కణ్ణే తాగుతాను.

8. కనకదుర్గ ఆ మర్నాటి నుంచి బడికి రావడం లేదు. నేను వాళ్ల పాకకు వెళ్లేసరికి కసిం కుండ దగ్గర కూర్చుని ఉంది. అచ్చు మాత్రమే ముంచాల్సినదాంట్లో రెండు చేతులూ పెట్టి తుక్కు కలుపుతోంది.

"చదువు వద్దని నేననలేదండి. నా మాట కూడా వినడం లేదు. ఇంక చేతులు ఎట్లా ఉంటే ఏం నాన్నా అంటోంది" అన్నాడు పున్నయ్య. మనిషి నా మొహం చూడలేదు. బడి మీద ఆశ పెట్టించినవాణ్ణి నేనే కదా.

నాయనమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఇనప ముక్క కోసమా ఇంత ఏడుపు? అడిగితే మన కుండలోంచే ఇద్దును కదే, తుప్పుతో సహా" అంది. పిల్ల నవ్వలేదు. ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

వార్షిక పరీక్షలు దగ్గరపడుతున్నవి. ఈ లోపు బడికి రాకపోతే హాజరు చాలదు. హాజరు చాలకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే హైస్కూలు లేదు. ఆ పైన పున్నయ్య కూడా అడగడు. అద్దకం పాకలో పని ఎప్పుడూ ఉంటుంది. ఈ అర్జీకి గడువు ఎందుకో తమరికి తెలియడానికి ఇది వ్రాశాను.

కావున సముఖమునకు చేసుకొను ప్రార్థనలు:

(అ) తమరు పరీక్షల లోపు ఏదో ఒక శుక్రవారం మా బడికి దయచేసి, అదే పిల్లల ఎదుట, అదే వరండాలో, కనకదుర్గ (ఇక్కడ కొన్ని మాటలు కొట్టివేశాను. వెం.) చెప్పింది నిజమని ఒక్క మాట అనవలెను. చప్పట్లు కొట్టించరాదు.

(ఆ) శుభ్రతా పతకమును రద్దు చేయవలెను. దాని బదులు తొట్టి, నీళ్లు, సున్నిపిండి బడిలో ఏర్పాటు చేయవలెను. చేతులు కడుక్కోవడానికి నీళ్లు కావాలి గాని పోటీ అక్కరలేదు. కడిగినా పోని నలుపు మురికి కాదని పిల్లలకు పాఠంగా చెప్పించవలెను. ఆ పాఠం శోభనాద్రి చేతనే చెప్పించవలెను. అతనంత బాగా మరొకరు చెప్పలేరు.

(ఇ) శోభనాద్రి మీద చర్య ఏదీ తీసుకొనరాదు. శాలువ కప్పుతారో మానతారో తమరి ఇష్టం.

(ఈ) నన్ను అభినందించరాదు.

నా మాట నమ్మనవసరం లేదు. ఈ అర్జీతో ఒక పొట్లం జతపరిచాను. అందులో కరక్కాయ పెచ్చులున్నాయి. వాటిని నీళ్లలో నానవేసి ఆ నీటిలో తమరి కుడిచెయ్యి కొంతసేపు ఉంచి, తుడుచుకొని, బీరువా తాళంచెవి ఏదైనా, ఇనపదైతే చాలు, గుప్పిట్లో పట్టుకుని ఒక ఫైలు చదవండి. ఆపైన గుప్పిట తెరవండి. సబ్బుతో తోమండి, గుమాస్తా చేత నిమ్మకాయ తెప్పించి తోమండి. విద్యావారోత్సవం నాడు ఆ చేత్తోనే బహుమానాలు పంచండి. వేదిక కింద ఎవరైనా నవ్వితే, ఇన్‌స్పెక్టరు గారు చెయ్యి కడుక్కోలేదని ఎవరైనా అంటే, ఏమని చెబుతారో తమరే ఆలోచించుకోండి. ఆ చెప్పే మాట పదేళ్ల పిల్ల మీకంటే ముందే చెప్పింది.

అర్జీని చిత్తగించమని వ్రాయడం వాడుక. నేను చేతిని చిత్తగించమని వ్రాస్తున్నాను. ముందు తమరి చెయ్యి, తరువాత ఆ పిల్ల చెయ్యి.

ఇట్లు,
విధేయత కూడా బహుమానం కోసమేనని ఈ మధ్యనే తెలుసుకొని, అందువల్ల తమ విధేయుడనని వ్రాయుటకు చెయ్యి రాని,
బళ్ల వెంకటపతి,
అద్దకాలపేట.

జత: కరక్కాయ పెచ్చుల పొట్లం ఒకటి.

తా.క. ఈ అర్జీని కవరులో పెట్టబోతుంటే నాయనమ్మ పంపగా కనకదుర్గ పఠనమందిరానికి వచ్చింది, పాత పుస్తకం తిరిగి ఇవ్వడానికి. తన గురించి తనకు తెలియకుండా పోస్టులో వేయడం న్యాయం కాదనిపించి చదవమని ఇచ్చాను. నిలబడే అంతా చదివింది. బెత్తాల మీద టీ దగ్గర కొంచెం ఆగింది. ప్రార్థన (అ) దగ్గరకొచ్చి ఒక ముక్క మీద వేలు పెట్టింది. అక్కడ నేను, కనకదుర్గను సత్యసంధురాలని నలుగురిలో మెచ్చుకొని, ఆమె చెప్పింది నిజమని అనవలెను అని వ్రాసి ఉన్నాను. ఆ ముందు ముక్క కొట్టేయండి అంది.

ఎందుకమ్మా, న్యాయంగా నీకు రావలసిందే కదా అన్నాను.

"మెచ్చుకోమని రాయకండి మావయ్యా. మెచ్చుకుంటే మళ్లీ తీసేసుకుంటారు" అంది.

నిజమని మాత్రం అంటే బడికి వస్తావా అని అడిగాను. అననివ్వండి, అప్పుడు చూద్దాం అంది. పెద్దవాళ్ల బీరువా వైపు ఒకసారి చూసి వెళ్లింది.

ఆమె చెప్పినట్టే కొట్టివేశాను. కొట్టివేత పక్కన నల్లటి వేలిగుర్తు ఒకటి పడింది. సాపు ప్రతి వ్రాయలేదు.